ఎండ్యూరెన్స్ గుర్రానికి ఉప్పు: మలక్‌పేట లెక్క ఎందుకు సరిపోదు

హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్ పొడవు 158 కిలోమీటర్లు. గుర్రాల ఎండ్యూరెన్స్ (దూరప్రయాణ) పోటీల్లో పెద్ద విభాగం 160 కిలోమీటర్లు, అదీ ఒక్క రోజులో. గచ్చిబౌలిలో చీకటితో బయల్దేరిన గుర్రం శంషాబాద్, పెద్ద అంబర్‌పేట, ఘట్‌కేసర్, మేడ్చల్, పటాన్‌చెరు మీదుగా తిరిగి గచ్చిబౌలి చేరినంత దూరమన్నమాట. ఈ దూరాన్ని అంచెలుగా విడగొడతారు, ఏ అంచే 40 కిలోమీటర్లు మించదు. అంచె అంచెకీ పశువైద్యులు గుర్రాన్ని ఆపి చూస్తారు. గుండె వేగం నిర్ణీత సమయంలో నిమిషానికి 64కు దిగాలి, నడకలో కుంటు ఉండకూడదు, పేగుల చప్పుడు వినిపించాలి. ఏది తేడా వచ్చినా ఆ గుర్రం పోటీ అక్కడితో ముగుస్తుంది.

మన దేశంలో ఈ క్రీడ ఇంకా చిన్నదే. 40, 60, 80 కిలోమీటర్ల పోటీలే ఎక్కువ. అయితే కేరళకు చెందిన నిదా అంజుమ్ చేలాట్ 2023లో ఫ్రాన్స్‌లో జరిగిన యువ రైడర్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 120 కిలోమీటర్లు పూర్తిచేసి, మనవాళ్లకు ఇది అందని దూరం కాదని చూపించింది. హైదరాబాద్‌కైతే గుర్రాలు అసలే కొత్త కాదు. మలక్‌పేటలో రేస్‌కోర్సు ఉంది, గోషామహల్‌లో పోలీసు అశ్వదళం ఉంది, జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో గుర్రపుస్వారీ ఒక భాగం, శివార్లలో రైడింగ్ స్కూళ్లున్నాయి. గుర్రం మనసెరిగిన సాయీసులకు, అంటే గుర్రాలను చూసుకునేవాళ్లకు, ఈ ఊళ్లో లోటు లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఇక్కడి అనుభవంలో పెద్ద వాటా రేసు గుర్రాల నుంచి వచ్చింది. ఎలక్ట్రోలైట్లు (సోడియం, క్లోరైడ్, పొటాషియంలాంటి ఒంటి లవణాలు) అనగానే గుర్తొచ్చేది మనుషుల ఓఆర్ఎస్ ప్యాకెట్. దూరప్రయాణం చేసే గుర్రం విషయంలో ఈ రెండూ తప్పుదారి పట్టిస్తాయి. ఎందుకో తెలియాలంటే గుర్రం చెమట సంగతి ముందు తెలియాలి.

పనిచేసే కండరం తాను వాడుకున్న శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగా వదిలేస్తుంది. 450 కిలోల శరీరంలో గంటల తరబడి పుట్టే ఆ వేడిని బయటకు పంపే ప్రధాన మార్గం చెమట ఆరడమే. మధ్యస్థ వేగంలో వెళ్లే గుర్రానికి గంటకు 5 నుంచి 8 లీటర్ల చెమట పోతుంది. ఎండా ఉక్కా కలిసిన రోజున అది 10 నుంచి 15 లీటర్ల దాకా వెళ్తుంది. ఆ చెమట మనిషి చెమటలాంటిది కాదు. మన చెమట గ్రంథులు ఉప్పులో కొంత భాగాన్ని వెనక్కి పీల్చుకుని, పలచటి నీటిని బయటకు వదులుతాయి. లీటరు చెమటలో సోడియం సుమారు ఒక గ్రాము ఉంటుంది, అలవాటైన శరీరంలో ఇంకా తక్కువ. గుర్రం చెమటలో లీటరుకు సోడియం 3 గ్రాములకు పైనే, క్లోరైడ్ 5 నుంచి 6 గ్రాములు, పొటాషియం గ్రాము నుంచి గ్రామున్నర, వాటితోపాటు కొద్దిగా కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అన్నీ కలిపి లీటరుకు దాదాపు 10 గ్రాముల లవణాలు. అంటే దాని రక్తంలో ఎంత గాఢత ఉందో చెమటలోనూ ఇంచుమించు అంతే, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. జీను కింద, తొడల మధ్య తెల్లగా నురగ కట్టేది ఈ చెమటలో ఉండే లేథరిన్ అనే ప్రొటీన్ వల్ల. చెమట వెంట్రుకల మీద పరుచుకుని త్వరగా ఆరడానికి అది పనికొస్తుంది. ఆరిన తర్వాత ఒంటిమీద మిగిలే తెల్లటి చారలు మాత్రం అచ్చంగా ఉప్పే.

ఈ విషయంలో అసలు కీలకం దాహం. మనిషికి చెమట పట్టినప్పుడు ఉప్పుకన్నా నీరు ఎక్కువ పోతుంది కాబట్టి రక్తం చిక్కబడుతుంది. రక్తంలో లవణాల గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా మెదడు పసిగట్టి దాహం పుట్టిస్తుంది. గుర్రానికి నీరూ ఉప్పూ దాదాపు రక్తంలో ఉన్న పాళ్లలోనే పోతాయి. ఒంట్లో 20 లీటర్లు తగ్గినా రక్తం గాఢత పెద్దగా మారదు. దాంతో మెదడుకు కబురు అందదు. ఎదురుగా బకెట్ నిండా చల్లటి నీళ్లున్నా గుర్రం మూతి ముంచి, రెండు గుక్కలు తాగి తల తిప్పేసుకుంటుంది. చూసేవాళ్లు "దాహం లేదులే, బాగానే ఉంది" అనుకుంటారు. ఎండ్యూరెన్స్‌లో ఇంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు అంచనా లేదు. ఆ సమయానికి గుర్రం శరీర బరువులో 4 శాతమో 5 శాతమో నీటి రూపంలో పోయి ఉండొచ్చు.

ఎలక్ట్రోలైట్లు ఇవ్వడానికి మొదటి కారణం ఇదే. పోయిన లవణాలను నింపడం వాటి పని అన్నమాట నిజమే. అంతకన్నా ముందు అవి చేయాల్సింది రక్తంలో సోడియం గాఢతను కాస్త పైకి నెట్టి, గుర్రానికి దాహం తెప్పించడం. తెలుగు పల్లెల్లో పశువుల కుడితిలో గుప్పెడు ఉప్పు వేయడం తరతరాల అలవాటు. ఉప్పు పడితే పశువు కుడితితొట్టి ఖాళీ చేస్తుందని రైతుకు తెలుసు. గుర్రానికి ఇచ్చే ఉప్పు వెనకా ఉన్నది ఆ లెక్కే. దీన్నుంచి వచ్చే నియమం ఒకటుంది: నీళ్లు అందుబాటులో లేనప్పుడు, గుర్రం అసలేమీ తాగనప్పుడు గాఢమైన ఉప్పు ముద్ద నోట్లో పెట్టకూడదు. కడుపులోకి వెళ్లిన గాఢ లవణం నీళ్లు దొరక్కపోతే ఒంట్లోని నీటినే పేగుల్లోకి లాగుతుంది. అప్పటికే నీరు తగ్గిన గుర్రానికి అది మరో దెబ్బ. రెండు గంటలకోసారి ఒక సిరంజి ఉప్పు ముద్ద నోట్లో వేయాలని గడియారం చూసి ఇచ్చే పద్ధతి ఇక్కడే బెడిసికొడుతుంది. చూడాల్సింది బకెట్‌లో నీటిమట్టం ఎంత దిగిందన్నది.

ఇక మలక్‌పేట లెక్క. అక్కడి పరుగు వెయ్యి నుంచి రెండున్నర వేల మీటర్ల లోపు, ఒకటి నుంచి రెండున్నర నిమిషాల పని. ఆ కాస్త సమయంలో కండరాలు ఆక్సిజన్ సరఫరాను మించి పనిచేస్తాయి, లాక్టిక్ ఆమ్లం పేరుకుని రక్తం ఆమ్లత వైపు మొగ్గుతుంది. దీన్ని అడ్డుకోవడానికి పరుగుకు ముందు గొట్టంతో వంటసోడా నీళ్లు ఎక్కించే అడ్డదారి ఒకటి ప్రపంచమంతా నడిచింది. దానికి 'మిల్క్‌షేక్' అని పేరు. రేసింగ్ సంస్థలు దాన్ని నిషేధించి, సోడా ఎక్కిస్తే రక్తంలో పెరిగే మొత్తం కార్బన్ డయాక్సైడ్ లీటరుకు 36 మిల్లీమోల్స్ దాటకూడదని హద్దు పెట్టాయి. మోసం సంగతి అలా ఉంచితే, రేసు లాయాల్లో ఒక భావన పాతుకుపోయింది: కష్టపడిన గుర్రం రక్తం పులుస్తుంది, సోడా ఇస్తే సర్దుకుంటుంది అని. కొన్ని రెడీమేడ్ ఎలక్ట్రోలైట్ పొడుల్లోనూ సోడియం బైకార్బొనేట్, అంటే వంటసోడా, కనిపిస్తుంది.

ఎండ్యూరెన్స్ గుర్రంలో జరిగేది దీనికి తలకిందులు. అది గంటల తరబడి ఆక్సిజన్ సరిపోయే వేగంలోనే వెళ్తుంది, లాక్టిక్ ఆమ్లం పెద్దగా పేరుకోదు. మరోపక్క చెమటలో క్లోరైడ్ విపరీతంగా పోతుంది. క్లోరైడ్ తగ్గిన లోటును సర్దడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను వదలకుండా పట్టి ఉంచుతాయి. దాంతో రక్తం క్షారత వైపు జరుగుతుంది. రక్తం క్షారంగా మారితే అందులో స్వేచ్ఛగా ఉండాల్సిన కాల్షియం ప్రొటీన్లకు అతుక్కుని, నరాలకు అందే భాగం తగ్గుతుంది. చెమటలో పోయిన కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లోటు దీనికి తోడవుతుంది. నరాలు చిన్న కదలికకే ఉలిక్కిపడే స్థితికి వస్తాయి. ఉదరవితానాన్ని (ఛాతీకీ పొట్టకూ మధ్య ఊపిరి ఆడించే కండరాన్ని) నడిపే నరం గుండెను ఆనుకునే వెళ్తుంది. మామూలుగా గుండె విద్యుత్తు ఆ నరాన్ని కదిలించలేదు. ఈ స్థితిలో కదిలిస్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఉదరవితానం ఎగిరిపడి, డొక్కలు ఎక్కిళ్లు వచ్చినట్టు అదురుతాయి. రైడర్లు దీన్ని 'థంప్స్' అంటారు. థంప్స్ దానంతటదే ప్రాణం తీయకపోవచ్చు. కానీ ఒంట్లో లవణాల లెక్క గాడి తప్పిందనడానికి ఇంత బాహాటమైన గుర్తు మరొకటి లేదు. అది కనిపించిన గుర్రాన్ని పోటీలోంచి తీసేసి వైద్యుడికి అప్పగించాల్సిందే. అలాంటి గుర్రానికి వంటసోడా ఉన్న పొడి ఇవ్వడమంటే రక్తాన్ని ఇంకాస్త క్షారతకు నెట్టడం. కాబట్టి ఎండ్యూరెన్స్ కోసం కొనే డబ్బా మీద ముందు వెతకాల్సిన పేరు బైకార్బొనేట్. అది ఉంటే డబ్బా తిరిగి అలమారలో పెట్టేయడమే మంచిది.

ఓఆర్ఎస్ విషయం వేరు. అది గొప్ప మందు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరాను ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితో ఎదుర్కొన్న డాక్టర్ దిలీప్ మహాలనబిస్ కృషిని ఎంత తలుచుకున్నా తక్కువే. కానీ దాని కొలత విరేచనాలతో నీరసించిన మనిషికి సరిపోయేలా కట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూర్పు ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో సోడియం 75 మిల్లీమోల్స్, అంటే ఒకటిన్నర గ్రాములకు కాస్త పైన. క్లోరైడ్ రెండు గ్రాముల చిల్లర. గ్లూకోజు పదమూడున్నర గ్రాములు. 10 లీటర్లు చెమటోడ్చిన గుర్రానికి పోయిన సోడియం 30 గ్రాములు అనుకుంటే, దాన్ని పూడ్చడానికి లీటరు ప్యాకెట్లు 17కు పైనే కావాలి. క్లోరైడ్ పూడాలంటే 22 నుంచి 26 దాకా కావాలి. నాలుగు ప్యాకెట్లు బకెట్‌లో కలిపి ఇచ్చామనే తృప్తి మనకు మిగులుతుంది తప్ప గుర్రానికి ఒరిగేది స్వల్పం. గుర్రాల కోసం, పశువుల కోసం అమ్మే రంగురంగుల పొడులకూ ఇదే పరీక్ష పెట్టాలి. కూర్పులో చక్కెర ఎక్కువై సోడియం, క్లోరైడ్ తక్కువగా ఉంటే అది రుచి పొడి కిందే లెక్క.

మరి ఏమివ్వాలి? దీనికి జవాబు ఖరీదైనది కాకపోవడం సంతోషించాల్సిన విషయం. వంటింటి ఉప్పులో బరువును బట్టి 39 శాతం సోడియం, 61 శాతం క్లోరైడ్. గుర్రం చెమటలో పోయే పాళ్లకు ఇది చాలా దగ్గర. దీనికి పొటాషియం క్లోరైడ్ జోడిస్తే ప్రధానమైన మూడూ వచ్చినట్టే. రెండు పాళ్లు ఉప్పు, ఒక పాలు పొటాషియం క్లోరైడ్ అన్నది చాలామంది పాటించే మిశ్రమం. పొటాషియం క్లోరైడ్ ఆహారానికో మందులకో తగిన నాణ్యతది కావాలి, పొలానికి చల్లే పొటాష్ ఎరువు ఈ పనికి వాడకూడదు. ఈ మిశ్రమం 60 గ్రాములు ఇస్తే సోడియం దాదాపు 16 గ్రాములు, క్లోరైడ్ 34 గ్రాములు, పొటాషియం 10 గ్రాములు అందుతాయి. అయిదారు లీటర్ల చెమటలో పోయినంత. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో 40 కిలోమీటర్ల అంచె నడిచిన గుర్రానికి 15 నుంచి 20 లీటర్లు పోయి ఉంటాయి. అంటే ఒక మోతాదు పూడ్చేది మూడో వంతు మాత్రమే.

మిగతాది ఎక్కడి నుంచి? గుర్రం పెద్దపేగులో ఉంది ఆ నిల్వ. పీచు మేత అక్కడ నీటినీ లవణాలనూ పట్టి ఉంచుతుంది, ప్రయాణంలో శరీరం కొంచెం కొంచెంగా తీసుకుంటుంది. ముందురోజు, ఆ రోజు ఉదయం కడుపునిండా గడ్డి తిన్న గుర్రానికీ, గింజల దాణా మీదే ఆధారపడ్డ గుర్రానికీ మూడో అంచెలో తేడా తెలిసేది ఇక్కడే. ఉలవలూ బార్లీ బలమిస్తాయి, నీటిని నిల్వ చేయలేవు. పోటీకి వారం ముందు నుంచీ మోతాదులు పెంచి ఎలక్ట్రోలైట్లు 'ఎక్కించడం' వల్ల లాభం లేదు. ఎక్కువైన సోడియం కొద్ది గంటల్లోనే మూత్రంలో పోతుంది. పొటాషియం కొరత రోజువారీ జీవితంలో రాదు, పచ్చిక, ఎండుగడ్డి నిండా అదే ఉంటుంది. లోటు వచ్చేది సోడియంకే. పనిలేని రోజున 500 కిలోల గుర్రానికి 10 గ్రాముల సోడియం కావాలి, అంటే 25 గ్రాముల ఉప్పు. గడ్డీ గింజలూ అంత ఇవ్వవు. శిక్షణ రోజుల్లో అవసరం రెండు మూడింతలు పెరుగుతుంది. లాయంలో వేలాడదీసిన ఉప్పు గడ్డ మీద భారం వేయడం సరికాదు, ఎంత నాకిందో ఎవరూ చెప్పలేరు. తడిపిన తవుడులో కొలిచి కలిపిన ఉప్పు నయం, దానితోపాటు నీళ్లూ వెళ్తాయి. సైంధవ లవణమే కావాలన్న పట్టింపు అక్కర్లేదు. అందులో ఉన్నదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే.

హైదరాబాద్ వాతావరణం ఈ లెక్కను ఎలా మారుస్తుందో చూడాలి. గుర్రాలు పెంచేవాళ్లు వాడే ఓ మోటు సూత్రం ఉంది. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకు గాలిలో తేమ శాతాన్ని కలపాలి. మొత్తం 130 లోపైతే చెమట తన పని తాను చేస్తుంది, 150 దాటితే జాగ్రత్త, 180 దాటితే పని మానుకోవాలి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల సెల్సియస్, తేమ 20 శాతం అనుకుంటే 104, 20 కలిపి 124. జులైలో 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న ఉదయం 86, 80 కలిపి 166. మబ్బు పట్టి హాయిగా ఉందనిపించే వానాకాలపు ఉదయమే గుర్రానికి ఎక్కువ కష్టం. చెమట ఆరదు, కారిపోతుంది. ఒళ్లు చల్లబడకుండానే లవణాలు నేలపాలవుతాయి. అలాగని మే నెలను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఈ సూత్రం నెత్తిన ఎండను, నేల నుంచి కొట్టే సెగను లెక్కలోకి తీసుకోదు. పైగా దక్కన్ ఎండకు చెమట పుట్టగానే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగా కనిపించి, ఎంత నీరు పోయిందో కంటికి తెలియదు. జీను తీసినప్పుడు కనిపించే ఉప్పు చారలే ఆ లెక్క చెప్పాలి. చల్లటి ప్రాంతం నుంచి తెచ్చిన గుర్రానికి ఇక్కడి వేడి అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొన్ని గుర్రాలకు వేడీ ఉక్కా ఉన్న చోట చెమట పట్టడమే ఆగిపోతుంది. అలాంటివాటికి ఎలక్ట్రోలైట్లు పరిష్కారం కావు, వాటితో దూరాలు చేయించడమే తగదు.

మోతాదు ఇచ్చే తీరులో కొన్ని మెళకువలున్నాయి. సరైన సమయం గుర్రం నీళ్లు తాగిన వెంటనే, లేదా తప్పకుండా తాగే చోటికి కాస్త ముందు. పొడిని పెరుగులోనో పలచటి గంజిలోనో కలిపి, సూది లేని పెద్ద సిరంజితో నాలుక వెనక వేయాలి. తర్వాత నోరు కడగాలి, నోట్లో ఉప్పు మంట ఉంటే మేత ముట్టదు. ఖాళీ కడుపున గాఢమైన ముద్ద పదేపదే పడితే కడుపులో పుండ్లు పెరుగుతాయని 2005లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. పోటీ గుర్రాల్లో చాలావాటికి కడుపు పుండ్లు ముందే ఉంటాయి కాబట్టి దీన్ని పక్కన పెట్టలేం. ముందు రెండు గుప్పిళ్ల గడ్డి, ఆ తర్వాతే ముద్ద. ఒకేసారి పెద్ద మోతాదు కాకుండా చిన్నవి, విడివిడిగా. ఇంకో పద్ధతి ఉప్పునీటి బకెట్. లీటరుకు 9 గ్రాముల చొప్పున, 20 లీటర్ల బకెట్‌కు 180 గ్రాముల ఉప్పు. అలసిన గుర్రానికి మొదట ఇది, తర్వాత మంచినీళ్లు పెడితే మొత్తం మీద ఎక్కువ తాగుతుంది. మంచినీటి బకెట్ మాత్రం ఎప్పుడూ పక్కనే ఉండాలి. ఉప్పునీళ్లు తాగడం ఇంటి దగ్గరే నేర్పాలి, పోటీ రోజున కొత్త రుచి చూపిస్తే మూతి పెట్టదు.

గుర్రానికీ గుర్రానికీ తేడా చాలా ఉంటుంది. అదే ఎండలో, అదే దారిలో ఒకటి ఓ మోస్తరుగా తడిస్తే మరొకటి కడుపు కింద నుంచి ధార కారుస్తుంది. అందుకే అరువు మోతాదులు పనికిరావు. శిక్షణ రోజుల్లో బయల్దేరే ముందు, తిరిగొచ్చాక బరువు తూచి, తాగిన నీళ్లు లెక్కగట్టి రాసుకుంటే నెలరోజుల్లో ఆ గుర్రం తీరు తెలిసిపోతుంది. బరువు యంత్రం లేనిచోట గుండె వేగం ఎంతసేపటికి దిగుతోందో, పేగుల చప్పుడు నాలుగు వైపులా ఉందో లేదో, పంటి చిగురు నొక్కి వదిలితే రంగు రెండు సెకన్లలో తిరిగొస్తోందో లేదో చూడటం అలవాటు చేసుకోవాలి. లద్దె గట్టిపడి చిన్న ఉండలుగా పడుతుంటే నీరు తగ్గిందని అర్థం.

పోటీ ముగిసిన రాత్రి సాధారణంగా అందరూ అలసిపోయి గుర్రాన్ని లాయంలో వదిలేస్తారు. లోటు మాత్రం అక్కడితో తీరదు, నీరూ లవణాలూ పూర్తిగా కుదుటపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ తవుడులో ఉప్పు, మెత్తటి గడ్డి, ఉప్పునీళ్లదొకటి మంచినీళ్లదొకటి రెండు బకెట్లు కొనసాగాలి. ట్రక్కులో తిరిగి వచ్చే దారిలోనూ కొన్ని గంటలకోసారి ఆపి నీళ్లు చూపించాలి. మేత ముట్టకపోయినా, పేగుల చప్పుడు వినిపించకపోయినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఇంకో సిరంజి ఉప్పు వేసి చూద్దామనుకోకూడదు. కండరాలు దెబ్బతిని ఆ రంగు మూత్రంలోకి దిగుతుంటే మూత్రపిండాలకు ముప్పు ఉంటుంది, పేగులు ఆగిపోతే కడుపునొప్పి ముదురుతుంది. ఆ స్థితిలో నోటి ద్వారా ఇచ్చేది లోపలికి ఇంకదు. పశువైద్యుడు వచ్చి నరం ద్వారా ద్రవాలు ఎక్కించాలి, అదీ తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే.